కనబడని డిస్క్ డ్రైవ్, చదవని ఆరంభ లేఖ

గోదావరికి దక్షిణాన కరీంనగర్, ఉత్తరాన ఆదిలాబాద్. ఈ రెండు పెద్ద జిల్లాలను 2016లో విభజించి జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ మొదలైన జిల్లాలను ఏర్పాటు చేసినారు. సరిహద్దులు మారినవి గాని, ఈ ప్రాంతానికి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వచ్చిన దారి అంతటా ఒక్కటే. ఇంటర్నెట్ మందకొడిగా ఉన్న రోజులలో అది చేతిలో ఇమిడే సీడీ రూపంలో వచ్చినది. ఉబుంటు లినక్స్ సీడీలను కోరిన వారికి ప్రపంచంలో ఎక్కడికైనా ఉచితంగా తపాలాలో పంపే ఏర్పాటు 2005 నుంచి 2011 వరకు నడిచినది. భారతీయ భాషలకు అనువుగా సీడాక్ సంస్థ తయారుచేసిన ‘బాస్’ లినక్స్ 2007లో వెలువడినది. తెలుగు ముఖంతో పనిచేసే లినక్స్‌ను హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ సిద్ధం చేసినది. హార్డ్ డిస్క్‌ను ముట్టకుండా కేవలం సీడీ మీదనుంచే కంప్యూటర్‌ను నడిపి చూపే ‘లైవ్ సీడీ’ ఆనాటి విద్యార్థులకు ఒక వింత. 2008లో బాసర వద్ద రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రారంభమై, పల్లెల నుంచి వచ్చిన పదవ తరగతి ఉత్తీర్ణుల చేతికి ల్యాప్‌టాప్‌లు అందినప్పుడు, కంప్యూటర్ ఈ ప్రాంతపు పిల్లలకు పలకా బలపం వంటి వస్తువు అయినది.

అట్టి ల్యాప్‌టాప్‌లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. మీట నొక్కగానే యంత్రం మేల్కొంటుంది, తెర వెలుగుతుంది, లినక్స్ చక్కగా నడుస్తుంది. గాని సీడీ పెడితే ఏ స్పందనా లేదు. ఫైళ్ల కిటికీలో డిస్క్ బొమ్మ రాదు. పరికరాల పేర్లుండే ‘డెవ్’ అనే ఫోల్డర్‌లో ‘ఎస్ఆర్0’ అనే పేరు కనబడదు. యంత్రం దృష్టిలో ఆ డ్రైవ్ లేనే లేదు. మరునాడు మళ్లీ వెలిగిస్తే ఒక్కొక్కప్పుడు అదే తిరిగి కనబడుతుంది కూడ. ఈ చిక్కు చిన్నదే. అయినా దానిని విడదీయడానికి లినక్స్ ఇచ్చే సామగ్రి ఎట్టిది, లోకంలో చలామణి అవుతున్న సలహాలు ఎట్టివి అని విమర్శించి చూడటం అవసరం. ఎందుకంటే విద్యార్థి ఈ చిక్కులోంచి బయటపడే తీరును బట్టి, యంత్రం కార్యకారణ నియమానికి లోబడిన వస్తువా, లేక దైవాధీనమా అన్న సంగతి అతని మనస్సులో స్థిరపడుతుంది.

గుర్తింపు అనే గొలుసు

డ్రైవ్ ‘గుర్తింపు’ అనేది ఒక్క క్షణంలో జరిగే ఒక్క పని అని సామాన్యంగా అనుకుంటారు. వాస్తవానికి అది ఐదు కొక్కేల గొలుసు.

మొదటి కొక్కెం విద్యుత్తు, తీగెలు. ల్యాప్‌టాప్‌లో అమర్చే పలుచని సాటా డ్రైవ్ వెనుక ఒకే జోడింపు కనబడినా, అందులో రెండు భాగాలున్నవి. ఒక భాగంలో 6 సూదులు. అవి 5 వోల్టుల విద్యుత్తును తెచ్చేవి. రెండవ భాగంలో 7 సూదులు. వీటిలో 3 భూమి తీగెలు, మిగిలిన 4 సమాచారం మోసేవి. రెండవ కొక్కెం బయోస్, లేదా దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ. ఆపరేటింగ్ సిస్టం రాకముందే యంత్రంలో ఏమేమి ఉన్నవో ఇది లెక్క చూస్తుంది. మూడవది లినక్స్ కెర్నెల్. ఇది బయోస్ చెప్పినదానితో తృప్తిపడక, ప్రతి సాటా ద్వారం తలుపు తానే స్వయంగా తట్టి చూస్తుంది. నాల్గవది, బదులు పలికిన పరికరానికి ‘ఎస్ఆర్0’ అని పేరు పెట్టి, డెవ్ ఫోల్డర్‌లో నమోదు చేయడం. ఐదవది, లోపల పెట్టిన డిస్క్‌ను లేజరు కాంతితో చదివి, అందులోని ఫైళ్లను తెరమీదికి తేవడం.

సీడీని 780, డీవీడీని 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతితో చదువుతారు. కనుక డ్రైవ్ సీడీని చదివి డీవీడీని చదవకపోతే ఆ దోషం ఐదవ కొక్కెంలో ఉన్నదని, మొదటి నాలుగు నిర్దోషులని వెంటనే చెప్పవచ్చు. రామగుండం, బెల్లంపల్లి వంటి బొగ్గు గనుల ఊళ్లలో కటకం మీద ధూళి పేరుకొన్నా, ఆదిలాబాద్ చలికాలపు ఉదయాన చల్లబడిన యంత్రాన్ని వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు కటకం మీద తేమ పట్టినా, చదవడం చెడుతుంది. గుర్తింపు చెడదు. ఈ రెంటికీ గల భేదాన్ని గమనించక, కనబడని డ్రైవ్‌కు కటకం తుడిచే వారు, కనబడుతూ చదవని డ్రైవ్‌కు కెర్నెల్ మార్చే వారు కోకొల్లలు.

ప్రతిపదార్థం, తాత్పర్యం

కెర్నెల్ తలుపులు తట్టేటప్పుడు తాను చూచినదంతా ఒక లేఖగా రాసి పెడుతుంది. ‘డీమెసెజ్’ అనే ఆజ్ఞ ఇస్తే ఆ లేఖ తెరమీదికి వస్తుంది. ఇది వందలాది పంక్తుల గ్రంథం. తెలుగు ఉపాధ్యాయుడు పద్యాన్ని బోధించేటప్పుడు పదచ్ఛేదం చేసి, ప్రతిపదార్థం చెప్పి, అన్వయం కుదిర్చి, చివరకు తాత్పర్యం చెప్పినట్లే ఈ లేఖను కూడ చదవవలసి ఉన్నది.

ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో డ్రైవ్‌కు సంబంధించిన మొదటి పంక్తి సాధారణంగా ఇట్లా ఉంటుంది: ‘ఏటీఏ2: సాటా లింక్ అప్ 1.5 జీబీపీఎస్, ఎస్‌స్టేటస్ 113, ఎస్‌కంట్రోల్ 300’. ఏటీఏ2 అనగా రెండవ ద్వారం. లింక్ అప్ అనగా అవతలి పరికరంతో సంపర్కం కుదిరినది. 1.5 జీబీపీఎస్ అనగా సెకనుకు 1.5 గిగాబిట్ల వేగం. ఇక 113 అనే అంకె గూఢలిపి వలె కనబడుతుంది గాని, కుడినుంచి చదివితే మూడు వాక్యాలు. చివరి 3కు అర్థం ‘పరికరం ఉన్నది, దానితో సంభాషణ కూడ నెలకొన్నది’. నడిమి 1కి అర్థం ‘మొదటి తరం వేగం’. అదే స్థానంలో 2 ఉంటే 3 గిగాబిట్లు, 3 ఉంటే 6 గిగాబిట్లు. మొదటి 1కి అర్థం ‘మేల్కొని ఉన్నది’. ఎస్‌కంట్రోల్ 300లోని 3, ఈ సంపర్కం నిద్రావస్థలోకి పోరాదని కెర్నెల్ పెట్టిన ఆంక్ష.

దాని తరువాత ‘ఏటీఏపీఐ’ అనే మాటతో, తయారీదారు పెట్టిన నమూనా పేరుతో మరొక పంక్తి వస్తుంది. ‘నేను హార్డ్ డిస్క్‌ను కాను, పొట్లాలుగా కట్టిన ఆజ్ఞలను స్వీకరించే సీడీ వంటి పరికరాన్ని’ అని డ్రైవ్ తన కులగోత్రాలు చెప్పుకొన్నదని దీని తాత్పర్యం. చివరగా ‘ఎస్ఆర్ 1:0:0:0 అటాచ్డ్ స్కజీ సీడీరామ్ ఎస్ఆర్0’ అనే పంక్తి వస్తే నామకరణం పూర్తి అయినది.

ఇప్పుడు రోగగ్రస్తమైన యంత్రపు లేఖను చూడవలెను. ‘ఏటీఏ2: సాటా లింక్ డౌన్, ఎస్‌స్టేటస్ 0’ అని ఉంటే, తలుపు తట్టినా లోపల ఎవరూ పలకలేదని అర్థం. పరికరం ఉన్నట్లు జాడ కూడ లేదు. ఎస్‌స్టేటస్ 1 అని ఉంటే కథ వేరు. ఎవరో ఉన్నట్లు అలికిడి అయినది గాని మాట కలవలేదు. సమాచారపు తీగెలలో ఒకటి సరిగా తాకకపోతే ఇట్టి స్థితి రావచ్చు. ‘లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్’ అని ఉంటే పరికరం ఇంకా సిద్ధం కాలేదు. ‘క్యూసీ టైమవుట్, కమాండ్ ఏ1’ అని ఉంటే, ‘నీవెవరు?’ అని కెర్నెల్ అడిగిన ప్రశ్నకు గడువులోగా సమాధానం రాలేదు. ఈ గడువు మొదట 5 సెకన్లు, రెండవసారి 10, మూడవసారి 30. అప్పటికీ బదులు లేకపోతే కెర్నెల్ ఆ ద్వారం మీద ఆశ వదలుకొని ముందుకు సాగుతుంది. కొన్ని యంత్రాలు తెరిచేటప్పుడు ఒక్కసారిగా నిమిషం దాకా ఆగిపోవడానికి కారణం తరచుగా ఈ నిరీక్షణే.

లేఖ గుణాలు

ఈ ఆరంభ లేఖకు మెచ్చదగిన గుణాలు మూడున్నవి. మొదటిది, అది దాచదు. విఫలమైన ప్రయత్నాన్ని సఫలమైన ప్రయత్నంతో సమానంగా నమోదు చేస్తుంది. రెండవది, అది క్రమం తప్పదు. ప్రతి పంక్తి ముందు యంత్రం మేల్కొన్న తరువాత ఎన్నవ సెకనులో ఆ సంగతి జరిగినదో దశాంశ భాగాలతో సహా ఉంటుంది. ప్రయోగశాలలో విద్యార్థి పరిశీలనల పుస్తకానికి ఇంతకంటె మంచి మాదిరి దొరకదు. మూడవది, అది ఎవరి సొత్తూ కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ కెర్నెల్ మూలం అందరికీ తెరిచి ఉన్నది కనుక, ప్రతి పంక్తినీ రాసిన సూత్రం ఎక్కడున్నదో వెదికి చూడవచ్చు. ‘ఏదో తప్పు జరిగినది, నిర్వాహకుని సంప్రదించండి’ అని ముఖం చాటేసే యంత్రాలతో పోలిస్తే ఇది గొప్ప సద్గుణం.

దోషాలు

దోషాలు కూడ ఉన్నవి. మొదటిది లేఖది కాదు, దానిని పంపిణీ చేసేవారిది. నేటి లినక్స్ పంపిణీలలో పెక్కు, యంత్రం మేల్కొనే వేళ ఒక అందమైన బొమ్మను తెరమీద పరచి, ఆ వెనుక లేఖ నడిచేటట్లు చేసినవి. కొత్తవారు బెదరకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. గాని వైద్యుడు రోగిని చూడక ముందే రోగికి దుప్పటి కప్పినట్లయినది. అడిగితే తప్ప లేఖ కనబడదు. అట్టి లేఖ ఒకటున్నదని తెలియనివాడు అడగడు. ఆ బొమ్మ ఉన్నప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే చాలా యంత్రాలలో బొమ్మ తొలగి పంక్తులు కనబడతవి. ఈ చిన్న సంగతిని ఆ బొమ్మ కిందనే ఒక్క పంక్తిలో రాసి ఉంటే ఎంతో మేలు.

రెండవ దోషం, లేఖ అపాయాన్నీ సాధారణ స్థితినీ ఒకే మాటతో చెప్తుంది. ల్యాప్‌టాప్‌లోని సాటా నియంత్రకానికి నాలుగో ఆరో ద్వారాలుంటే, వాటిలో రెండింటికే పరికరాలు తగిలించి ఉంటవి. మిగిలిన ఖాళీ ద్వారాలకు కూడ కెర్నెల్ ‘లింక్ డౌన్’ అనే రాస్తుంది. ఖాళీ ఇంటి తలుపు, లోపల మనిషి స్పృహ తప్పి ఉన్న ఇంటి తలుపు, రెండూ ఒకే విధంగా మౌనంగా ఉంటవి. ఏ ఇంట్లో మనిషి ఉండవలెనో ముందే తెలిసినవాడికి మాత్రమే ఆ మౌనం అర్థమవుతుంది.

మూడవ దోషం పేర్ల గందరగోళం. ఏటీఏ ద్వారాలను 1 నుంచి లెక్కించే కెర్నెల్, అవే ద్వారాలను స్కజీ వరుసలో 0 నుంచి లెక్కిస్తుంది. అందువల్ల ఏటీఏ2 అనే ద్వారం సాధారణంగా అక్కడ ‘హోస్ట్1’ అవుతుంది. ఒకే ఇంటికి మునిసిపాలిటీ వారి నంబరు ఒకటి, కరెంటు వారి నంబరు మరొకటి ఉన్నట్లున్నది. అనుభవజ్ఞులకు ఇది అలవాటే. విద్యార్థి మాత్రం తప్పు తలుపు తట్టి, ‘పద్ధతి పనిచేయలేదు’ అని నిరుత్సాహపడతాడు.

మంత్రాల వంటి సలహాలు

లేఖకంటె ఎక్కువ విమర్శకు పాత్రమైనవి, ఈ చిక్కుకు లోకంలో ప్రచారంలో ఉన్న చికిత్సలు. వీటిని నాలుగు రకాలుగా విభజించవచ్చు.

‘ఎఫ్‌స్టాబ్ ఫైలును సవరించండి’ అనేది మొదటిది. ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌లో తెరుచుకోవలెనో చెప్పే పట్టిక అది. ఐదవ కొక్కేనికి చెందినది. డ్రైవ్ అసలే కనబడనప్పుడు ఈ పట్టికలో ఏమి రాసినా ఫలితం ఉండదు. ఊరికి రాని మనిషి పేరు ఓటర్ల జాబితాలో రాసినంత మాత్రాన అతడు వచ్చి ఓటు వేయడు.

కాలం చెల్లిన మందులు రెండవ రకం. పాత కెర్నెల్‌లు ఐడీఈ తీగెల మీది సీడీ డ్రైవ్‌ను ‘హెచ్‌డీసీ’ వంటి పేర్లతో పిలిచేవి. సీడీలు రాయడానికి ‘హెచ్‌డీసీ = ఐడీఈ-స్కజీ’ అనే ఆజ్ఞ కెర్నెల్‌కు ఇవ్వవలసి వచ్చేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఆ అవసరం తీరినది. ఆ పాత ఐడీఈ విభాగాన్నే 2021లో, 5.14 కెర్నెల్ నాటికి, పూర్తిగా తొలగించినారు. అయినా పాత పుస్తకాలలో, నోటు పుస్తకాలలో ఆ ఆజ్ఞ బతికే ఉన్నది. తేదీ లేని సలహా, తేదీ లేని మందు సీసా వంటిది.

‘ఏసీపీఐ ఆఫ్, నోఏపిక్’ వంటి పెద్ద గద్దెలను ఎత్తివేసే ఆజ్ఞలు మూడవ రకం. ఇవి విద్యుత్ నిర్వహణను, అంతరాయాల పంపకాన్ని మొత్తంగా మార్చివేస్తవి. వీటివల్ల ఒక్కొక్కప్పుడు డ్రైవ్ కనబడవచ్చు. గాని పది సంగతులు ఒక్కసారి మారినప్పుడు వాటిలో ఏది కారణమో తెలియదు. ఒకసారి ఒక్క సంగతినే మార్చవలెనన్న ప్రయోగ ధర్మానికి ఇది విరుద్ధం. ఫలించినా జ్ఞానం మిగలదు.

నాల్గవది, అన్నింటికంటె ఎక్కువగా వినిపించేది, ‘లినక్స్‌ను మళ్లీ వేయండి’. రోజంతా శ్రమించి, ఉన్న ఫైళ్లకు ముప్పు తెచ్చుకొని చేసే ఈ పనికి బదులుగా, పెన్‌డ్రైవ్ మీద మరొక లినక్స్‌ను లైవ్‌గా నడిపి చూస్తే పది నిమిషాలలో విషయం తేలుతుంది. అక్కడ కూడ డ్రైవ్ కనబడకపోతే దోషం వ్యవస్థాపనలో లేదని దాదాపు నిశ్చయించవచ్చు.

ఈ నాలుగింటిలోను ఒకే లోపం ఉన్నది. ఇవి చివరి కొక్కెం నుంచో, అన్ని కొక్కేలను ఒక్కసారి ఊపడంతోనో మొదలవుతవి. గొలుసు ఎక్కడ తెగినదో వెదకవు.

సాక్షులను ప్రశ్నించే పద్ధతి

సరియైన పద్ధతి పోలీసు దర్యాప్తు వంటిది. డ్రైవ్‌ను చివరిసారి చూచిన సాక్షి ఎవరో తేల్చడమే పని.

మొదట డ్రైవ్ ముందున్న చిన్న మీట నొక్కవలెను. పళ్లెం బయటికి వస్తే 5 వోల్టుల విద్యుత్తు అందుతున్నదని తెలుస్తుంది. ‘పళ్లెం వస్తున్నది గనుక డ్రైవ్ బాగున్నది’ అని చాలామంది ఇక్కడే పొరపడతారు. సమాచారపు 4 తీగెల సంగతి ఈ సాక్షికి తెలియదు. పళ్లెం రాకపోయినా వెంటనే డ్రైవ్ చచ్చినదని అనరాదు. ఖాళీగా ఉన్న డ్రైవ్‌కు విద్యుత్తును పూర్తిగా ఆపే పద్ధతి కొన్ని యంత్రాలలో ఉన్నది. 2013లో వచ్చిన 3.9 కెర్నెల్ నుంచి లినక్స్ కూడ దీనిని పాటించగలదు.

రెండవ సాక్షి బయోస్. యంత్రం మేల్కొనే క్షణంలో దాని పట్టికలోకి పోయి చూడవలెను. అక్కడ డ్రైవ్ పేరున్నదంటే తీగెలు బాగున్నవి; ఇక ప్రశ్నించవలసినది కెర్నెల్‌ను. అక్కడా లేదంటే కెర్నెల్‌ను నిందించడం అన్యాయం. అయితే ఆ డ్రైవ్‌ను ఎవరైనా బయోస్‌లో నిలిపివేసి ఉన్నారా, త్వరగా మేల్కొనే ఏర్పాటు వల్ల బయోస్ పరికరాలను లెక్కించడం మానినదా అని చూడవలసి ఉంటుంది.

బయోస్ చూడలేదు, కెర్నెల్ లేఖలో ఎస్‌స్టేటస్ 0 ఉన్నది అనుకొందాం. అప్పుడు యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, తీయడానికి వీలైన బ్యాటరీ అయితే దానిని కూడ తీసి, మీటను పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టి, మిగిలిన విద్యుత్తును పోనివ్వవలెను. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్ అడుగున డ్రైవ్‌ను పట్టి ఉంచే మరను చూడవలెను. పెక్కు నమూనాలలో ఒక్క మర మాత్రమే ఈ పని చేస్తుంది. ఉట్నూరు నుంచో మంథని నుంచో నిత్యం బస్సులో సంచిలో కుదుపులు తిన్న యంత్రంలో ఆ మర వదులై, డ్రైవ్ ఒక వెంట్రుకవాసి బయటికి జరిగితే చాలు, 13 సూదులలో కొన్ని తాకుతవి, కొన్ని తాకవు. మర విప్పి, డ్రైవ్‌ను బయటికి లాగి, మళ్లీ గట్టిగా లోపలికి తోసి బిగించవలెను. ఈ పని యంత్రం ఆగి ఉన్నప్పుడే చేయవలెను.

బయోస్ చూచినది గాని కెర్నెల్ చూడలేదు అనుకొందాం. అప్పుడు లోపల డిస్క్ ఉంటే తీసివేసి మళ్లీ మేల్కొలపవలెను. అరిగిన డిస్క్‌తో పెనుగులాడుతున్న డ్రైవ్ ‘నీవెవరు?’ అన్న ప్రశ్నకు ఆలస్యంగా బదులిస్తుంది. అదే యంత్రంలో విండోస్ కూడ ఉంటే, దాని ‘ఫాస్ట్ స్టార్టప్’ యంత్రాన్ని పూర్తిగా ఆపదు గనుక, ఆ ఏర్పాటును తొలగించి చూడవలెను. లినక్స్ నడుస్తుండగానే ఆ ద్వారాన్ని మళ్లీ తట్టమని, అధికారి హోదాలో, హోస్ట్1కు చెందిన ‘స్కాన్’ అనే ఫైలులోకి మూడు అడ్డగీతలు పంపి ఆజ్ఞాపించవచ్చు. అప్పుడు డ్రైవ్ పలికితే లోపం తీగెలలో ఉండటం అరుదు. అది సమయానికి సిద్ధం కాకపోవడమే అయి ఉండవచ్చు. సంపర్కపు వేగాన్ని 1.5 గిగాబిట్లకు పరిమితం చేసే ఆజ్ఞ కూడ ఇట్టి చోట్ల ఒక్కొక్కప్పుడు ఫలిస్తుంది.

కెర్నెల్ ఏటీఏపీఐ పంక్తి దాకా వచ్చి, నామకరణపు పంక్తి మాత్రం లేకపోతే, పేరు పెట్టే ‘ఎస్ఆర్ మాడ్’ అనే విభాగం లోడ్ కాలేదేమో చూడవలెను. నామకరణం కూడ జరిగి, డిస్క్ మాత్రం తెరుచుకోకపోతే, అప్పుడు, అప్పుడు మాత్రమే, కటకం, డిస్క్, ఎఫ్‌స్టాబ్ పట్టికల వంతు వస్తుంది.

భాష సంగతి

ఇంకొక ప్రశ్న మిగిలినది. బాస్, స్వేచ్ఛ మొదలైనవి లినక్స్ ముఖాన్ని తెలుగు చేసినవి. మెనూలు తెలుగు, కిటికీల పేర్లు తెలుగు. గాని యంత్రానికి నొప్పి వచ్చినప్పుడు అది మూలిగే భాష ఇంగ్లీషే. కెర్నెల్ సందేశాలు ఏ భాషలోకీ అనువాదం కావు. ఆరోగ్యంగా ఉన్నంతకాలం తెలుగులో మాట్లాడి, కష్టం రాగానే పరాయి భాషలోకి పోయే ఈ యంత్రం తెలుగు మాధ్యమ విద్యార్థికి అన్యాయం చేస్తున్నదని అనవచ్చు. ఆ ఫిర్యాదులో బలం ఉన్నది.

అయితే సందేశాలను అనువదించడం మందు కాదు. ‘క్యూసీ టైమవుట్’ అనే మాట ఫిన్లాండులోను, బ్రెజిలులోను, ఆసిఫాబాదులోను అక్షరం మారకుండా ఉండటం వల్లనే ఒకరి అనుభవం మరొకరికి పనికివస్తున్నది. రసాయన శాస్త్రంలో మూలకాల సంకేతాలను అన్ని భాషలవారు ఒక్కటిగా ఉంచుకొని, వాటి వివరణను తమ భాషలో రాసుకొన్నారు. ఇక్కడ కూడ కావలసినది టీక. ఒక్కొక్క సందేశానికి తెలుగులో ప్రతిపదార్థం, తాత్పర్యం, ఏ కొక్కేనికి చెందినదో సూచన, ఏ కెర్నెల్ కాలం నాటిదో తేదీ. ఇంతే.

చదివేవారు లేకపోతే ఎంతటి లేఖ అయినా మూగదే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో కొన్ని కుటుంబాల వద్ద గోండి లిపిలో ఉన్న రాతప్రతులు చాలాకాలం బయటి లోకానికి తెలియకుండానే ఉన్నవి. ఊరి పెద్దలలో కొద్దిమంది వాటిని చదవగలిగి ఉండటం వల్ల, వారి సాయంతో పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చినారు. 2018లో యూనికోడ్ 11లో గుంజాల గోండి లిపికి స్థానం దొరికినది. ఈ నాడు ఆ అక్షరాలను కంప్యూటర్ మీద రాయవచ్చు. లిపి ఉండటం ఒక ఎత్తు, దానిని చదివి చెప్పేవాడు ఉండటం మరొక ఎత్తు అన్న సంగతిని ఇంతకంటె దగ్గరగా చూపే ఉదాహరణ ఈ ప్రాంతంలో మరొకటి లేదు.

కాలం చెల్లిన పరికరానికి ఇంత శ్రమ ఎందుకు?

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవే ఉండటం లేదు, దీనికోసం ఇంత చర్చ ఎందుకు అని అడగవచ్చు. ఆక్షేపణ సహజమే. అయితే బడులలోను, ఇళ్లలోను పాత ల్యాప్‌టాప్‌లు ఇంకా ఉన్నవి. సీడీలలో, డీవీడీలలో దాచిన పాఠాలు, ఊరి ఉత్సవాల చిత్రాలు, కుటుంబాల ఫొటోలు ఉన్నవి. ఒక్క వదులైన మర కారణంగా ఆ యంత్రాన్ని పాత సామాన్ల వానికి తూకానికి వేస్తే, పోయేది యంత్రం ఒక్కటే కాదు. వాటిని చదివే చివరి కన్ను కూడ పోతుంది.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఇదే గొలుసు, ఇదే సాక్షుల పద్ధతి, రేపు కనబడని పెన్‌డ్రైవ్‌కు, కనబడని వైఫై పరికరానికి, కనబడని ముద్రణ యంత్రానికి కూడ వర్తిస్తుంది. డిస్క్ డ్రైవ్‌ను చేతితో తీసి చూడవచ్చు, దాని సూదులను లెక్కపెట్టవచ్చు, దాని లేఖలో పంక్తులు కొద్దిగానే ఉంటవి. బోధనకు ఇంత అనువైన రోగి దొరకడం అరుదు.

ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటున్నది. యంత్రం బాగున్న రోజుననే దాని ఆరంభ లేఖను ఒక ఫైలులో దాచి, డ్రైవ్ ఏ ద్వారం మీద ఉన్నదో ఆ పంక్తులను ఒక కాగితం మీద రాయించి, ల్యాప్‌టాప్ అడుగున అంటించవలెను. ఖాళీ తలుపు ఏది, మనిషి ఉండవలసిన తలుపు ఏది అన్న చిక్కు దీనితో తీరుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పటి నాడి తెలియనిదే జ్వరం ఎంతో చెప్పడం వైద్యునికైనా కష్టం.

మొత్తం మీద లినక్స్ ఆరంభ లేఖ నిజాయితీ గల రచన. అది నిజం చెప్తుంది, క్రమంగా చెప్తుంది, అందరికీ చెప్తుంది. బొమ్మ వెనుక దాగడం, ఖాళీకీ వైఫల్యానికీ భేదం చూపకపోవడం, ఒకే ద్వారానికి రెండు పేర్లు పెట్టడం దాని లోపాలు. వీటిని కెర్నెల్ రచయితలు ఎప్పుడు దిద్దుతారో గాని, టీక రాసే పని మాత్రం తెలుగు బడులలో ఈ సంవత్సరమే మొదలుకావచ్చు. బాసరలో సరస్వతి సన్నిధిని బియ్యంలో వేలు పెట్టించి అక్షరం దిద్దించిన పిల్లవాడే, పదేండ్ల తరువాత నల్లని తెరమీద 113 అనే అంకెను కుడినుంచి ఎడమకు చదివి, ‘ఉన్నది, మాట కలిసినది, మేల్కొని ఉన్నది’ అని చెప్పగలిగితే, ఆ రెండవ అక్షరాభ్యాసం కూడ సార్థకమైనట్లే.